ఆపుకున్న గీతలు

జోసెఫ్ ప్రసన్నకుమార్ డైరెక్టరు గారి బొమ్మ గీశాడు. గుండ్రటి ముఖం, కళ్ళద్దాలు, కాస్త బొజ్జ, చేతిలో టీ కప్పు. మర్యాదగానే గీశాడు. కానీ అతని ముంజేతికి కట్టిన పట్టీ ఊరుకోలేదు. ఎదురుగా ఉన్న తెరమీద అదే బొమ్మ వచ్చింది. దాంతోపాటు డైరెక్టరు గారి తలమీద బూడిదరంగులో రెండు కొమ్ములు కూడా మొలిచాయి.

"నేను గీయలేదండీ!" అన్నాడు జోసెఫ్ కంగారుపడిపోయి.

"గీయబోయి ఆపుకున్నారు," అంది డాక్టర్ కాత్యాయని. ఆ పట్టీని తయారుచేసింది ఆవిడే. "గీయమని మెదడు చేతికి చెప్పింది. వద్దని వెంటనే మళ్ళీ అదే చెప్పింది. ఈలోగా మీ చేతి కండరాలు రవ్వంత కదిలాయి. అది మీకు తెలియదు, పట్టీకి తెలుస్తుంది. చేయి పూర్తిచేయని గీతని అది పూర్తిచేస్తుంది."

డైరెక్టరు గారు కొమ్ముల వైపు కాసేపు చూసి, "పోలిక బాగానే కుదిరింది," అని వెళ్ళిపోయారు. ఆ పట్టీకి కాత్యాయని లోగీత అని పేరు పెట్టింది. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఆ చిన్న ప్రయోగశాలలో ఆ రోజంతా అందరూ ఒకరి బొమ్మ ఒకరు గీసుకుని నవ్వుకున్నారు. సాయంత్రానికి కొందరి మధ్య మాటలు ఆగిపోయాయి కూడా.

అయితే లోగీతని నవ్వుకోవడానికి చేయలేదు. అయినవాళ్ళు పోయి, ఆ సంగతి నోరు విప్పి చెప్పలేకపోతున్న పిల్లల కోసం చేశారు. మన పెద్దవాళ్ళకి చావు గురించి పిల్లలతో మాట్లాడటం చేతకాదు. పోయినవాళ్ళని ఊరు పంపిస్తారు, నిద్రపుచ్చుతారు, ఆకాశంలో చుక్కల మధ్య కూర్చోబెడతారు. పిల్లలు అవన్నీ నమ్మినట్టే ఉంటారు, లేకపోతే పెద్దవాళ్ళు ఏడుస్తారని. జోసెఫ్ అలాంటి పిల్లలతో బొమ్మలు వేయించేవాడు. అంతకుముందు ఒక బడిలో డ్రాయింగు మాస్టారు. ఏ పిల్లనీ "ఇదేమిటి?" అని అడిగేవాడు కాదు. "ఈ బొమ్మ గురించి నాకు చెప్తావా?" అనేవాడు. చెబితే వినేవాడు, చెప్పకపోతే రంగు పెన్సిళ్ళు చెక్కుకుంటూ కూర్చునేవాడు. ఒక్కో పిల్లతో నెలలు పట్టేది. కాత్యాయనికి అంత ఓపిక లేదు. పిల్ల మనసులో ఉన్న మాట నెలల తరబడి లోపలే నలుగుతుంటే చూస్తూ కూర్చోవడం క్రూరత్వం అని ఆమె వాదన. అందులో అబద్ధమూ లేదు.

వర్షిణి అనకాపల్లి నుంచి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. కిందటి వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి నాలుగేళ్ళ తమ్ముడు జస్వంత్ పోయాడు. అప్పటినుంచీ వాడి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదని, కంట తడి పెట్టలేదని, క్లాసులో ఎవరైనా తమ్ముళ్ళ ఊసెత్తితే లేచి బయటికి పోతోందని బడిలో టీచరు భయపడి పంపింది. పిల్లతోపాటు తండ్రి శ్రీరామ్మూర్తి వచ్చాడు. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని అతనికి. ఏడో నెల కడుపుతో తల్లి రాజీ వచ్చింది. వాళ్ళందరి తరఫునా మాట్లాడటానికి నానమ్మ నూకాలమ్మ వచ్చింది.

"దుక్కమేటమ్మా? ఆ టీచరమ్మకి తెలీదు గానీ, మా గుంటడు ఎక్కడికీ పోనేదు," అంది నూకాలమ్మ. "ఇదిగో, మళ్ళీ దీని కడుపులోకే ఒచ్చేసినాడు. ఇంకో రెండు నెల్లు ఓపిక పడితే ఎత్తుకోడవే. ఇంటికి ఒచ్చేవోడి గురించి ఏడుత్తారేటి ఎవులైనా?"

రాజీ తల వంచుకుని కడుపుమీద చేయి వేసుకుంది. శ్రీరామ్మూర్తి "మా అమ్మ అలాగే అంతాది మేడం" అని నసిగాడు. కాదని మాత్రం అనలేదు. ఆ ఇంట్లో ఆ మాట మీదే అందరూ అన్నం తింటున్నారని కాత్యాయనికి అర్థమైంది. వాడి చొక్కాలు ఉతికి మడతపెట్టి ఉంచారు. ఫోటోకి దండ వేయలేదు. పిల్లకి ఏడవడానికి సందే ఇవ్వలేదు.

వర్షిణి ముంజేతికి పట్టీ కట్టారు. గాజుల్లాంటిదే అనుకో అన్నాడు జోసెఫ్. "నీ చేయి ఎలా కదులుతుందో చూస్తుంది," అన్నాడు. ఎక్కడ కదలకుండా ఆగిపోతుందో కూడా చూస్తుందని చెప్పలేదు. చెప్పొద్దని కాత్యాయని ముందే అంది. తెర పక్కగదిలో ఉంది, పిల్లకి కనిపించదు.

పిల్ల చక్కగా గీస్తుంది. ఇల్లు, ఇంటి ముందు మందారం మొక్క, అమ్మ, నాన్న, నానమ్మ, తను. అమ్మ పొట్ట గుండ్రంగా. అందరూ నవ్వుతున్నారు. అందరూ మోకాళ్ళ దాకా పచ్చగడ్డిలో నిలబడ్డారు.

"ఈ బొమ్మ గురించి చెప్తావా?" అన్నాడు జోసెఫ్.

"గడ్డి ఎక్కువుంది సార్."

"అవును, బాగా పెరిగింది. గడ్డి లోపల ఏముంటాయి?"

"కాళ్ళుంటాయి."

"అందరివీనా?"

వర్షిణి ఆకుపచ్చ రంగు కింద పెట్టేసి, మంచినీళ్ళు కావాలంది.

పక్కగదిలో తెరమీద గడ్డి మధ్య బూడిద గీతలు కనిపించాయి. రెండు చిన్న పాదాలు. నిలబడినవి కావు, పడుకున్నవాడి పాదాలు, అరికాళ్ళు చూసేవాళ్ళ వైపు తిరిగి ఉన్నాయి. ఒక అరికాలి దగ్గర ఒక చిన్న చేయి, ఆ చేతిలో గుడ్డ కొసలాంటిది ఏదో. తర్వాతి వారం పిల్ల సముద్రం గీసింది, అందరూ నీళ్ళలో నిలబడ్డారు. నీళ్ళలో మళ్ళీ అవే పాదాలు, అదే చేయి. ఆ తర్వాత బస్సు గీసింది. బస్సులో కూర్చున్నవాళ్ళకి కాళ్ళు గీయనక్కర్లేదు. పట్టీ మటుకు బస్సు కింద అవే పాదాలు గీసింది.

కాత్యాయని సంబరపడింది. ఆమె చెడ్డమనిషి కాదు. తాళంచెవి దొరికినవాళ్ళెవరైనా సంబరపడతారు.

"శవాన్ని దగ్గరగా చూసిందన్నమాట. ఆ దృశ్యం దగ్గరే ఇరుక్కుపోయింది," అంది. "తల్లిదండ్రులకి చూపించి చెబుదాం. వాడు మళ్ళీ పుడతాడన్న మాట మానేయమందాం."

జోసెఫ్ రంగుముక్కలు డబ్బాలో సర్దుతున్నాడు. "చూపించకండి డాక్టర్ గారూ," అన్నాడు. "ఆ గడ్డి పిల్ల మనకి ఇచ్చింది. గడ్డి కింద ఉన్నది ఇవ్వలేదు. మనం తీసుకున్నాం."

"ఇచ్చేదాకా ఆగితే ఈలోపల కానుపు అయిపోతుంది. పుట్టిన బిడ్డని వీడే జస్వంత్ అని ఆ పిల్ల ఒళ్ళో పెడతారు. అప్పుడేం చేస్తారు మీరు?"

జోసెఫ్ డబ్బా మూత పెట్టేశాడు. నిధులిచ్చే కమిటీ కూడా వచ్చే నెలలో రానుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

ఆ శనివారం కుటుంబాన్ని తెర ఉన్న గదిలోకి పిలిచారు. పిల్లని జోసెఫ్ బయట వరండాలో కూర్చోబెట్టి జామకాయ కోసి ఇచ్చాడు. కాత్యాయని మూడు బొమ్మలూ వరసగా చూపించింది. తమ్ముడి చావుని పిల్ల మరిచిపోలేదని, లోపల దాచుకుందని, ఆ దాచుకున్నదాన్ని ఇంట్లోవాళ్ళు మెల్లగా మాటల్లోకి రానివ్వాలని నెమ్మదిగా, బాగా చెప్పింది. శ్రీరామ్మూర్తి తలూపుతూ విన్నాడు. రాజీ ఆ పాదాలవైపు చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

నూకాలమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళింది. ఆ చిన్న చేతిమీద, ఆ గుడ్డ కొసమీద వేలు పెట్టి చూసింది.

"ఓలమ్మో! తుడిసేసినాదే!" అంది.

"ఏటమ్మా?" అన్నాడు కొడుకు.

"సుక్క! నా సేత్తో ఎట్టినాను, అరికాలికి. ఇంత కాటుక సుక్క. పూడ్సడానికి తీసుకెల్లేముందు ఎట్టినాను. ఆ సుక్కే మచ్చై పుడతాడు, మన గుంటణ్ణి మనం ఆనవాలు పడతాం అని. ఇది తుడిసేసినాది!"

దిష్టి తగలకుండా రోజూ ఆ పిల్లాడి అరికాలికి కాటుక చుక్క పెట్టిన చేయి అది. చివరిరోజున కాస్త పెద్ద చుక్క పెట్టింది, అంతే. ఏ చాపమీద పడుకోబెట్టారో, పెద్దలు పూడ్చే ఏర్పాట్లు చూడటానికి ఎప్పుడు బయటికి వెళ్ళారో, పిల్ల ఒక్కతీ ఎప్పుడు మిగిలిందో నూకాలమ్మ ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని గట్టిగా చెబుతోంది. చావుని చూసి భయపడ్డ పిల్ల అనుకుంది కాత్యాయని. ఆ పిల్ల దాచుకున్నది చావుని కాదు. తమ్ముడు ఇంటికి రాకుండా దారి తుడిచేశానన్న సంగతిని.

వర్షిణి గుమ్మంలో నిలబడి ఉంది. నానమ్మ కేక విని వచ్చింది, వెనకాలే జోసెఫ్. పిల్ల తెరవైపు చూసింది. తను ఎవరికీ చూపించనిది అక్కడ, పెద్దగా, అందరి ముందూ ఉంది.

"నేను గీయలేదు," అంది.

నూకాలమ్మ వెనక్కి తిరిగింది. కోప్పడనూ లేదు, కొట్టనూ లేదు. "ఇప్పుడు ఆణ్ణి ఎలాగే గుర్తుపడతాం?" అంది. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. కొడితే బాగుండేదని తర్వాత జోసెఫ్ అన్నాడు.

తర్వాతి వారం శ్రీరామ్మూర్తి ఒక్కడే పిల్లని తీసుకొచ్చాడు. వైద్యం సగంలో ఆపకూడదని అతనికి ఎవరో చెప్పారట. పట్టీ కట్టబోతే వర్షిణి చేయి చాపింది, వెనక్కి లాక్కోలేదు. ఏం గీస్తావమ్మా అంటే ఏం గీయమంటారు సార్ అంది. ఆపిల్ పండు గీసి ఎర్రరంగు వేసింది, గీత దాటకుండా. జెండా గీసింది. ఇల్లు గీయమంటే ఇల్లు గీసింది. తలుపులు మూసి ఉన్నాయి, మనుషులు లేరు.

పక్కగదిలో కాత్యాయని తెర చూసింది. ఆపిలు, జెండా, ఇల్లు. బూడిద గీత ఒక్కటీ లేదు. పట్టీ చెడిపోయిందేమో అని తన చేతికి కట్టుకుని చూసింది, బాగానే పనిచేస్తోంది. పిల్లని మళ్ళీ గీయమన్నారు. మళ్ళీ ఏమీ లేదు. ఆపుకోవాలంటే ముందు మొదలుపెట్టాలి కదా. ఆ చేయి మొదలుపెట్టడమే మానేసింది.

"ఇన్నాళ్ళూ నోటికే తాళం ఉండేది," అన్నాడు జోసెఫ్. "ఇప్పుడు చేతికీ వేయించాం."

కమిటీ వచ్చింది. పెద్ద తెరమీద వర్షిణి బొమ్మలు వరసగా చూశారు. మొదటివాటిలో బూడిద గీతలు గుంపులుగా ఉన్నాయి, చివరివాటిలో బొమ్మ చుట్టూ కాగితం తెల్లగా ఉంది. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంత స్పష్టమైన ఫలితం నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు. పిల్ల కోలుకుందని రాసుకున్నారు. జిల్లా అంతటికీ పట్టీలు తయారుచేయిస్తామన్నారు. కానుపు అయ్యాక ఒక్కసారి కొలిచి ఆ తెల్లకాగితం కూడా జతచేస్తే చాలన్నారు. కాత్యాయని నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. అప్పుడామె చేతికి పట్టీ లేదు గనక ఏం ఆపుకుందో ఎవరికీ తెలియదు.

రాజీకి మగపిల్లాడు పుట్టాడు.

ఆ కబురు ఫోన్లో చెప్పింది శ్రీరామ్మూర్తే. అతని గొంతులో సంతోషమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది. చివరి కొలత కోసం ఒకసారి ఇంటికి వస్తానంది కాత్యాయని. తోడు రమ్మంటే జోసెఫ్ రానన్నాడు. "నేను వస్తే ఆ పిల్ల మళ్ళీ ఆపిలు గీస్తుంది," అన్నాడు.

ఆమె వెళ్ళేసరికి పొద్దున్న స్నానాల వేళ. శ్రీరామ్మూర్తి మార్కెట్‌కి వెళ్ళిపోయాడు. పెరట్లో నూకాలమ్మ పీటమీద కూర్చుని, రెండు కాళ్ళూ చాపి, వాటిమీద బిడ్డని పడుకోబెట్టి నూనె రాస్తోంది. రాజీ గుమ్మం దగ్గర నులకమంచంమీద ఉంది. వర్షిణి ఆ మూల గోడకి ఆనుకుని ఎక్కాలు రాస్తోంది. బిడ్డకి ఎంత దూరంలో కూర్చోవచ్చో అంత దూరంలో కూర్చుంది. కాత్యాయనిని చూడగానే లేచి, అడగకుండానే కుడిచేయి చాపింది.

ఆ చాపిన చేయి చూసి కాత్యాయనికి సిగ్గేసింది. "ఇప్పుడు కాదమ్మా, కూర్చో," అంది.

నూకాలమ్మ బిడ్డ కాళ్ళకి సున్నిపిండి నలిచింది. ఒక్కో పాదమూ పైకెత్తి, వెలుగులోకి తిప్పి, బొటనవేలితో అరికాలు రుద్ది చూసింది.

"ఇంకా రానేదు," అంది, డాక్టరమ్మకి చెబుతున్నట్టు. "కొందరికి మచ్చ లేటుగా తేలతాదంట. తేలతాదిలే. ఏరా జస్సూ, ఎక్కడ దాసినావురా నా సుక్క?"

గోడ దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

"ఆ పేరెట్టి పిలవకండి అత్తా," అంది రాజీ.

నూకాలమ్మ బిత్తరపోయింది. కోడలు అంత గట్టిగా మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. రాజీ కూడా తన మాటకి తనే జడిసింది. తర్వాత కూతురివైపు తిరిగింది.

"వర్షా, ఇలా రా. ఎందుకు తుడిచావమ్మా?"

ప్రయోగశాలలో ఇన్ని వారాలు, తెరలు, పట్టీలు, కమిటీలు. పిల్ల ఏం చేసిందో అందరూ తెలుసుకున్నారు. ఎందుకు చేసిందని అడిగినవాళ్ళు లేరు. కాత్యాయనికి అది అప్పుడు తట్టింది.

వర్షిణి మంచం దాకా వచ్చి, తల్లికి అందనంత దూరంలో ఆగింది. "వాడికి చక్కిలిగిలి కదమ్మా," అంది. "నానమ్మ చుక్క పెడితే కాలు లాగేసుకుంటాడు. లాక్కుని చాపకి రుద్దేస్తాడు. రోజూ అంతే కదా. ఆ రోజు లాక్కోలేదు. నానమ్మ ఎంత పెద్దది పెట్టినా అలాగే ఉన్నాడు. రుద్దుకోలేదు కూడా. అందుకని నేనే తుడిచాను. ఎంతకీ పోలేదు. ఉమ్మి పెట్టి గౌనుతో తుడిచాను."

చెంబు పట్టుకున్న నూకాలమ్మ చేయి గాల్లోనే ఉండిపోయింది. చలేసి బిడ్డ ఏడవటం మొదలుపెట్టాడు.

"అవును," అంది రాజీ. "లాగేసుకునేవాడు. ఒకసారి నా ముఖంమీద తన్నాడు."

"పెదవి చిట్లిపోయింది నీకు."

"చిట్లింది."

"అమ్మా, చుక్క లేదని వాడు రావట్లేదా?"

రాజీ కూతురి చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "చుక్క ఉన్నా రాడమ్మా," అంది. ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పింది. "నువ్వు తుడవకపోయినా రాడు. వీడు వేరు. వీడు నీ చిన్న తమ్ముడు. వాడు చచ్చిపోయాడు."

ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు. వర్షిణి తల్లి ముఖంలోకి చూసింది, ఇది కూడా ఊరడించడానికి చెబుతున్న మాటేమో అని వెతికినట్టు. కాదని తెలిసింది. అప్పుడు ఏడ్చింది. చిన్నపిల్లలు పడి దెబ్బ తగిలినప్పుడు ఏడ్చినట్టు నోరంతా తెరిచి, ఎవరేమనుకుంటారో అన్న ధ్యాస లేకుండా ఏడ్చింది. రాజీ కూడా ఏడ్చింది. నూకాలమ్మ బిడ్డని తుడిచి, గుడ్డలో చుట్టి గుండెకి అదుముకుంది. "దొంగెదవ," అంది, ఒళ్ళోని బిడ్డని కాదు. "కాలు ముట్టుకోనిచ్చేవోడు కాదు." ఆమె బిడ్డ అరికాళ్ళవైపు మళ్ళీ చూడలేదని మాత్రం చెప్పలేను. అలవాటు అంత తొందరగా పోదు.

కమిటీ అడిగిన చివరి కొలత ఫైల్లో చేరలేదు. పట్టీలు తయారుచేయడానికి సంతకం పెట్టనని కాత్యాయని రాసిచ్చింది. దాంతో లోగీత పని వేరే ఊళ్ళో వేరేవాళ్ళకి అప్పగించారని విన్నాను. వాళ్ళింకా చేస్తూనే ఉండొచ్చు.

ఆ పూట మటుకు ఆమె వెంటనే బయల్దేరలేదు. కాఫీ తాగి వెళ్ళమంది రాజీ. ఏడ్చి ఏడ్చి వర్షిణికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళు తాగింది, ముక్కు తుడుచుకుంది. ఎక్కాల పుస్తకంలోంచి ఒక కాగితం చింపుకుని మంచం ఎక్కి తల్లి పక్కన కూర్చుంది. పెన్సిలు పట్టుకుంది. కాగితం మీద ఆనించబోయి ఆగి, కాత్యాయనివైపు చూసింది.

"మేడం, మీరు అటు తిరగండి."

కాత్యాయని కుర్చీ తిప్పుకుని గోడవైపు ముఖం పెట్టి కూర్చుంది. వెనకాల పెన్సిలు గరగరమంటోంది.

"కాదే, వాడి బొటనవేలు అంత పొడుగు ఉండేది కాదు."

"ఉండేదమ్మా. నాకు తెలుసు."

"ఏదీ, ఇలా ఇయ్యి."

"వద్దు, నేనే గీస్తాను. నువ్వు చూడు చాలు."

కాఫీ చల్లారిపోయింది. కాత్యాయని వెనక్కి తిరగలేదు.